టచ్ ప్యానెల్, బోర్డు, నాబ్: మరమ్మతు దుకాణంలో తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో మాది వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, మైక్రోవేవ్‌లు, ఇండక్షన్ పొయ్యిలు బాగుచేసే దుకాణం. టెక్కలి, పలాస, ఆమదాలవలస, రాజాం వైపుల నుంచి కూడా వస్తువులు వస్తాయి. మెషీన్‌ను ఆటోలో ఎక్కించుకుని అంత దూరం బయలుదేరే ముందు చాలామంది ఫోనులో అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. కార్ల గురించి అడిగేవారూ ఎక్కువయ్యారు. కార్లు మేము బాగుచేయం. అయినా కారులోని తెర, పొయ్యి మీది ప్యానెల్ ఒకే తరహావి కాబట్టి ఆ ప్రశ్నలనూ వదిలేయలేదు.

మా అభిప్రాయం మొదటే చెబుతాం. చూపు వేరేచోట ఉండగా చేత్తో చేయవలసిన పనికి నాబ్ గాని, నొక్కితే తెలిసే బటన్ గాని ఉండాలి. లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు ఉన్న ఏ వస్తువైనా కొనే ముందే ఆ బోర్డు ధర అడగాలి.

ఇండక్షన్ పొయ్యి టచ్ బటన్లు తడి చేత్తో తాకితే పలకవు. ఒక్కోసారి ఎవరూ తాకకుండానే కూస్తాయి. పొయ్యి పాడైనట్లేనా?

చాలాసార్లు కాదు. ఆ గాజు కింద నొక్కుడు పడే బటన్ ఏదీ ఉండదు. ఒక్కో గుర్తు కింద చిన్న లోహపు స్ప్రింగు, దాని చుట్టూ బలహీనమైన విద్యుత్ క్షేత్రం ఉంటాయి. వేలు దగ్గరికి వచ్చినప్పుడు ఆ క్షేత్రంలో కలిగే మార్పును లోపలి చిప్ కొలుస్తుంది. మార్పు ఒక హద్దు దాటితే వేలు ఆనిందని లెక్కవేస్తుంది. చిక్కల్లా నీటితోనే. నీళ్లు, పాలు, పులుసు కూడా అదే మార్పు తెస్తాయి, పైగా పక్క గుర్తుల మీదికి పారతాయి.

పాలు పొంగినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. గిన్నె అంచు దాటిన పాలు గాజు మీద పరుచుకుని ప్యానెల్ దాకా వస్తాయి. ఆపే గుర్తు పాల కింద మునుగుతుంది. గుడ్డతో తుడవబోతే ఆ తడి గుడ్డ వేడి పెంచే గుర్తుకు తగులుతుంది. పొయ్యి ఆగకుండా కూస్తుంది, అంకెలు మారతాయి, లేదా తాళం గుర్తు వెలిగి ఇక దేనికీ పలకదు. పొంగే పాలను ఆపడం వంటింట్లో రోజూ ఎదురయ్యే పని. సరిగ్గా ఆ క్షణంలోనే పనిచేయని మీటను పొయ్యికి అమర్చడం తప్పుడు తయారీ అని మేము గట్టిగా నమ్ముతాం.

అలాంటప్పుడు ప్యానెల్‌తో పెనుగులాడకండి. గోడ మీది స్విచ్చి ఆపి, గిన్నె దించండి. వంట అయ్యాక లోపలి ఫ్యాను కాసేపు తిరగనివ్వాలని మామూలుగా చెబుతాం గాని, ఈ సమయంలో దానికోసం చూడనక్కరలేదు. పొడి గుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి, మళ్లీ వేయండి. పొడిగా ఉన్నప్పుడు కూడా దానంతట అదే కూస్తుంటే అప్పుడు తీసుకురండి. గాజు కింద తేమ చేరి ఉంటుంది, లేదా స్ప్రింగు కుదురు తప్పి ఉంటుంది. రెండూ చిన్న పనులే.

నొక్కుడు బటన్లున్న ఇండక్షన్ పొయ్యిలు, నాబ్ ఉన్నవి ఇప్పటికీ దొరుకుతాయి. అడిగితేనే బయటికి తీస్తారు. వాటి మీది ప్లాస్టిక్ పొర కొన్నాళ్లకు చిరిగే మాట నిజమే, కానీ ఆ పొర, దాని కింది చిన్న స్విచ్చి రెండూ తక్కువ ఖర్చుతో మారతాయి.

సముద్రం పక్క ఊళ్లలో బోర్డులు తొందరగా పోతాయంటారు. నిజమేనా?

నిజం. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు నుంచి వచ్చిన మెషీన్‌ను తెరవగానే తెలిసిపోతుంది. స్క్రూ తలలు తుప్పుతో అరిగి ఉంటాయి. బోర్డు మీది రాగి గీతల అంచుల్లో పచ్చటి పొడి, టంకం చుక్కల చుట్టూ తెల్లటి పూత కనిపిస్తాయి. గాలిలోని ఉప్పు బోర్డు మీద పేరుకుని, వానాకాలంలో తేమను లాక్కుంటుంది. అప్పుడు రెండు గీతల మధ్య సన్నని తడి పొర ఏర్పడి, వెళ్లకూడని దారిలో కొద్దికొద్దిగా కరెంటు వెళుతుంది. టచ్ ప్యానెల్ కొలిచేదే అతి చిన్న మార్పు కాబట్టి, ముందుగా పిచ్చిగా ప్రవర్తించేది అదే. మెషీన్ బాగానే ఉంటుంది, ప్యానెల్ మాత్రం అడగని పనులు చేస్తుంటుంది.

ఉప్పు కాకుండా మాకు బాగా పరిచయమైన మరో శత్రువు బల్లి. బోర్డు రాత్రంతా గోరువెచ్చగా ఉంటుంది, చీమలూ పురుగులూ చేరతాయి, వాటికోసం బల్లి వస్తుంది. బోర్డులో కరెంటు అడుగుపెట్టేచోట 230 వోల్టుల ఏసీ దాదాపు 325 వోల్టుల డీసీగా మారుతుంది. ఆ రెండు కొసల మీద ఒక్కసారి బల్లి అడ్డంగా పడితే చాలు. మూత తీస్తే ఎండిపోయిన బల్లి, దాని పొట్ట కింద నల్లగా మాడిన రెండు పిన్నులు, పగిలిన ఫ్యూజు కనిపిస్తాయి. పాత రకం టైమర్ మెషీన్‌లోకి కూడా బల్లి వెళ్లేది. అక్కడ అది కాల్చగలిగేది ఒక్క వైరును మాత్రమే.

మెషీన్‌ను స్టాండు మీద ఎత్తులో పెట్టండి. స్నానాలగదిలో వద్దు. వెనుక మూతకు, గొట్టాలు దూరేచోట ఉన్న సందులకు సన్నని జాలీ బిగించవచ్చు, గాలి ఆడే రంధ్రాలు మాత్రం మూయకండి. నడుస్తున్నప్పుడు ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచకండి. ఊరికి వెళ్లి నెలల తరబడి మూసి ఉంచిన ఇంట్లో మెషీన్ ఎక్కువ పాడవుతుంది. వాడుతున్న మెషీన్ వేడికి తేమ ఎప్పటికప్పుడు ఆరిపోతుంది.

బోర్డు పోతే కంపెనీ మనిషి వచ్చి "కరెంటు హెచ్చుతగ్గులు" అంటున్నారు. అది సాకేనా?

కొన్నిసార్లు సాకు, కొన్నిసార్లు నిజం. ఇళ్లకు రావలసింది 230 వోల్టులు, దానికి అటూఇటూ 6 శాతం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లైన్ల చివరి ఊళ్లలో సాయంత్రాలు ఇంతకంటే బాగా తగ్గడం అందరికీ తెలిసిందే. తగ్గిన వోల్టేజి కంప్రెసర్లకు, మోటార్లకు చేటు. బోర్డులను చంపేది ఎక్కువగా హఠాత్తుగా పెరిగే వోల్టేజి.

అందులో అన్నిటికంటే ప్రమాదకరమైనది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, తెగడం. స్తంభం మీద న్యూట్రల్ వైరు ఊడితే మీ ఇంటి ఫేజు, పక్కింటి ఫేజు కలిసి 400 వోల్టుల దాకా ఇంట్లోకి రాగలవు. బల్బులు ఒక్కసారిగా తెల్లగా మండి, ఫ్యాన్లు మునుపెన్నడూ లేనంత వేగంగా తిరుగుతాయి. అది కనిపించిన క్షణంలో మెయిన్ స్విచ్చి ఆపేయండి. ఏ వస్తువును కాపాడాలా అని వెతకకండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2014 హుద్‌హుద్ అప్పుడూ అంతే. తుపాను తర్వాత లైన్లు సరిచేసి మొదటిసారి కరెంటు ఇచ్చిన గంటలో వస్తువులు కాలిపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి గాలివాన మొదలవగానే ప్లగ్గులు తీసేయండి. కరెంటు వచ్చాక ముందు ఒక బల్బు వేసి చూసి, నిలకడగా ఉంటేనే మిగతావి పెట్టండి. వేసవి చివర పిడుగుల రోజుల్లో కూడా ఇదే పద్ధతి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి.

స్టెబిలైజరు ఫ్రిజ్‌కు, ఏసీకి మేలు చేస్తుంది. కొనేటప్పుడు ఎక్కువ వోల్టేజికి పూర్తిగా ఆపేసే ఏర్పాటు ఉందా అని అడగండి.

ఇంత చెప్పినా ఒక మాట మిగిలే ఉంటుంది. ఇక్కడి కరెంటు ఎలా ఉంటుందో ఇక్కడ అమ్మేవారికి తెలుసు. దాన్ని తట్టుకునే బోర్డు చేయడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. బోర్డు ముఖద్వారంలో ఉండే రక్షణ భాగాన్ని కాస్త పెద్దది వేస్తే సరిపోతుంది. దాని మీద మిగుల్చుకున్న కొద్ది రూపాయలకు కొనుగోలుదారు వేలల్లో చెల్లిస్తున్నాడు.

బోర్డులో ఒక చిన్న భాగం పోయినా మొత్తం మార్చాలంటున్నారు. బాగుచేయడం కుదరదా?

కుదిరేవి చాలా ఉన్నాయి. పోయే భాగాలు ఏవో ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు: ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, రిలే (బోర్డు తనే వేసి ఆపే స్విచ్చి), కరెంటు లోపలికి వచ్చేచోట ఉండే రక్షణ భాగం, బీటలు వారిన టంకం. కరెంటును కాసేపు నిల్వ చేసే కెపాసిటర్ చిన్న గుండ్రటి డబ్బాలా ఉంటుంది. లోపలి ద్రవం వేడికి ఆవిరై పైమూత ఉబ్బుతుంది. దాని చుట్టూ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. అయినా మెషీన్లలో దాన్ని తరచుగా అన్నిటికంటే వేడెక్కే భాగం పక్కనే నిలబెడతారు. బోర్డు చిన్నదైతే ఖర్చు తగ్గుతుంది మరి. కొత్త కెపాసిటర్ ఖరీదు టీ, టిఫిను డబ్బు దాటదు. కొత్త బోర్డు వేలల్లో ఉంటుంది.

అడ్డంకి ఎక్కడంటే, చాలా వాషింగ్ మెషీన్ బోర్డులను ఇప్పుడు జిగురులాంటి రెసిన్‌లో ముంచేస్తున్నారు. దీనికి మంచి కారణం ఉంది. తేమా బల్లీ లోపలికి చేరవు. చెడు ఏమిటంటే మేమూ చేరలేం. మెత్తటి రెసిన్ అయితే వెచ్చబెట్టి, వెదురు పుల్లతో కొద్దికొద్దిగా గీకి, పోయిన భాగం దాకా వెళ్లవచ్చు. ఓపిక ఉంటే అయ్యే పని. గట్టిపడే రకమైతే గీకేటప్పుడు రాగి గీతలే ఊడి వస్తాయి. మెత్తటి రెసిన్ వాడినా రక్షణ అంతే దొరుకుతుంది కాబట్టి గట్టి రకం వాడేవారి మీద మాకు కోపం ఉంది.

చిప్‌లోని ప్రోగ్రాం పోతే మాత్రం మా చేతిలో ఏమీ లేదు. అదే చిప్ బజారులో దొరికినా అది ఖాళీగా ఉంటుంది. ప్రోగ్రాం కంపెనీ దగ్గరే ఉంటుంది, బయటికి ఇవ్వరు.

మా మెషీన్ పెట్టె మీద "10 ఏళ్ల వారంటీ" అని రాసి ఉంది. బోర్డుకు వర్తిస్తుందా?

పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాలు చదవండి. చాలావాటిలో ఆ 10 ఏళ్లు మోటారుకే, ఫ్రిజ్‌లో అయితే కంప్రెసరుకే. మొత్తం మెషీన్‌కు ఒకటి రెండేళ్లు మాత్రమే ఇస్తారు. మా అనుభవంలో మోటార్లు అరుదుగా పోతాయి, బోర్డులు తరచుగా పోతాయి. ఎక్కువ కాలం నిలిచేదానికి ఎక్కువ వారంటీ ఇవ్వడంలో గొప్పేమీ లేదు. ఏసీల్లో కొన్ని కంపెనీలు బోర్డుకు కూడా 5 ఏళ్లు ఇస్తున్నాయి. రెండు వస్తువుల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే బోర్డు వారంటీ చూసి తేల్చుకోండి.

పాత మెషీన్లు ఇరవై ఏళ్లు పనిచేసేవి. ఇప్పుడు కావాలనే తొందరగా పోయేలా చేస్తున్నారా?

అలా కావాలని చేసిన సందర్భం చరిత్రలో ఉంది. 1924లో జెనీవాలో ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ పేరుతో ఒక కూటమి కట్టాయి. బల్బు 1,000 గంటలకు మించి వెలగకూడదని ఒప్పందం చేసుకున్నాయి. మించి వెలిగే బల్బులు చేసిన సభ్య కంపెనీకి జరిమానా పడేది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అది చెదిరిపోయింది.

ఇప్పటి వాషింగ్ మెషీన్ల వెనుక అలాంటి ఒప్పందం ఉందని మేము అనం. మేము రోజూ చూసేది వేరు. ప్రతి భాగంలోనూ కొద్దికొద్దిగా పొదుపు చేస్తూ పోయారు. ఏ పొదుపు వల్లా వారంటీలోపు వస్తువు ఆగదు, అన్నీ కలిసి ఆ తర్వాత ఆపుతాయి. ఎవరూ కుట్ర పన్నకపోయినా నష్టం అదే. ఇంకొకటి గుర్తుంచుకోవాలి: తొందరగా పోయిన పాత మెషీన్లు ఎప్పుడో పాత ఇనుముకు వెళ్లిపోయాయి, ఇంకా నడుస్తున్నవే మన కంటికి కనిపిస్తాయి.

అయినా పాతవాటిలో ఒక గుణం ఉంది. సెమీ ఆటోమేటిక్ మెషీన్ టైమర్ లోపల స్ప్రింగు, పళ్ల చక్రాలు ఉంటాయి. పోతే ఆ టైమర్ ఒక్కటి మారుతుంది, చాలా కంపెనీల మెషీన్లకు సరిపోయేది బజారులో దొరుకుతుంది, బిగించడానికి అరగంట చాలు. ఆయుష్షు అంటే పాడవకుండా ఉండటం ఒక్కటే కాదు, పాడయ్యాక లేవగలగడం కూడా.

అయితే ఎలక్ట్రానిక్స్ ఉన్నవి అసలు కొనవద్దంటారా?

అనం. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకునేచోట బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను 28 నుంచి 35 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. లోపలి బోర్డు లేకుండా అది సాధ్యం కాదు. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసరు కూడా అంతే. 125 సీసీ దాటిన బైకులకు 2019 నుంచి, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది, అది ప్రాణాలు కాపాడే ఎలక్ట్రానిక్స్. పని బాగా జరగడానికి లోపల పెట్టిన బోర్డు మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. పని జరిపించే మీటను గాజుగా మార్చడం మీదే మా ఫిర్యాదంతా.

బీఎల్‌డీసీ ఫ్యాను కొంటే రిమోటు లేకుండా గోడ స్విచ్చితోనే వేగం మారేదో, మామూలు రెగ్యులేటరుతో పనిచేసేదో తీసుకోండి. రిమోటు కింద పడి పగిలిందని, అర్ధరాత్రి చలికి ఫ్యాను తగ్గించలేకపోయామని వచ్చేవారు ఎందరో.

కారులో ఏసీ తగ్గించాలన్నా తెర తాకాలి. రోడ్డు మీద భయంగా ఉంది. నాకు అలవాటు లేకపోవడమేనా?

అలవాటు సమస్య కాదు, మీ భయం న్యాయమైనది. శ్రీకాకుళం నుంచి విశాఖ వెళుతుంటే రణస్థలం దాటాక జోరువాన పట్టుకుందనుకోండి. ముందు అద్దానికి లోపలి వైపు ఆవిరి పడుతుంది. నాబ్ ఉన్న కారులో చెయ్యి తడుముకుంటూ వెళ్లి దాన్ని పట్టుకుంటుంది, తిప్పుతుంది. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. తెరలో అయితే మొదట పాట ఉన్న పేజీ నుంచి ఏసీ పేజీకి రావాలి, అద్దం గుర్తు ఎక్కడుందో చూడాలి, గతుకులో వేలు పక్కకు జారకుండా సరిగ్గా దాని మీద పెట్టాలి, పనిచేసిందో లేదో మళ్లీ చూడాలి. వేలికి ఏదీ తగలదు కాబట్టి ప్రతి అడుగుకూ కన్ను కావాలి.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు తెర వంక చూస్తే 66 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్లే. మన 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆ 66 మీటర్లలో ఎదురుదారిలో వచ్చే ఆటో ఉండవచ్చు, మధ్యలో నిలబడ్డ ఆవు ఉండవచ్చు.

2022లో స్వీడన్‌లోని ఒక మోటారు పత్రిక దీన్ని కొలిచి చూసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో రేడియో మార్చడం, వేడి సరిచేయడం వంటి కొన్ని మామూలు పనులు డ్రైవర్లకు అప్పగించారు. బటన్లే ఉన్న 2005 నాటి వోల్వోలో అన్నీ 10 సెకన్లలో అయ్యాయి, ఆలోపు కారు 306 మీటర్లు వెళ్లింది. తెరలున్న కొత్త కార్లలో అన్నిటికంటే వెనకబడినదానికి దాదాపు 45 సెకన్లు పట్టింది. అంటే 1,372 మీటర్లు. పరీక్షకు ముందు ఆ డ్రైవర్లకు కార్లతో పరిచయం చేసుకునే సమయం ఇచ్చారు కూడా.

శిక్షణ పొందినవారికీ ఈ ఇబ్బంది తప్పలేదు. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకరును ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. నౌక వేగాన్నీ దిశనూ తెర మీద తాకి నడిపే ఏర్పాటు, దాని మీద తగిన శిక్షణ లేకపోవడం కారణాల్లో ఉన్నాయని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత అమెరికా నౌకాదళం చేత్తో పట్టుకుని తోసే మీటలకు తిరిగి వెళ్లాలని నిర్ణయించింది.

ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి కొత్త నిబంధన తెచ్చింది. ఇండికేటర్లు, ప్రమాద సూచక దీపాలు, వైపర్లు, హారన్, అత్యవసర పిలుపు, ఈ అయిదింటికీ విడిగా చేత్తో పట్టుకునే మీటలు లేకపోతే పూర్తి మార్కులు రావు. ఫోక్స్‌వ్యాగన్ కూడా ముఖ్యమైన బటన్లను తిరిగి పెడతామని ప్రకటించింది. మన దేశంలో 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న, అలాగే కార్లకు నక్షత్రాలు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లోనూ ఇలాంటి షరతు రావాలని మా కోరిక. ఆ అయిదింటికి ఏసీని, అద్దం ఆవిరి తీసే మీటను కూడా చేర్చాలి. మన వానలకు అవి సౌకర్యం కోసం పెట్టినవి కావు.

కారు తెర పోతే కారు నడుస్తుందా?

సాధారణంగా నడుస్తుంది. కానీ తెరతో పాటు ఏమేమి పోతాయన్నది కారును బట్టి ఉంటుంది. టెస్లా వ్యవహారం దీనికి మంచి ఉదాహరణ. 2021లో ఆ కంపెనీ అమెరికాలో దాదాపు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. తెర వెనుక కంప్యూటర్‌లో ఉన్న 8 జీబీ ఫ్లాష్ మెమరీ అరిగిపోవడమే కారణం. ఫ్లాష్ మెమరీలో ప్రతి గదికీ ఇన్నిసార్లే రాయగలమన్న పరిమితి ఉంటుంది. కారు తన లెక్కలన్నీ అందులో రాస్తూ రాస్తూ కొన్నేళ్లకు దాన్ని నింపి అరగదీసింది. తెర నల్లబడితే వెనుక కెమెరా దృశ్యం, అద్దం ఆవిరి తీసే మీట కూడా పోయేవి. మోటారు, చక్రాలు, బ్రేకులు అన్నీ బాగున్న కారు ఒక చిన్న చిప్ వల్ల షెడ్డుకు వెళ్లవలసి వచ్చింది.

కొనే ముందు షోరూములో తెర ఆపించి కూర్చోండి. ఏసీ, వైపర్లు, దీపాలు, ఏవి పనిచేస్తున్నాయో ఒక్కొక్కటీ వేసి చూడండి. మీరు కొనేది ఆ కారే.

ఫోను యాప్‌తో నడిచే వాషింగ్ మెషీన్ తీసుకోవచ్చా?

యాప్ లేకుండా కూడా అన్ని పనులూ చేయగలిగితే తీసుకోండి. కొన్ని రకాల ఉతుకులు యాప్‌లో మాత్రమే ఉంటే వద్దు. మెషీన్ పదేళ్లు వాడాలని కొంటాం, యాప్‌ను కంపెనీ ఎప్పుడైనా ఆపేయవచ్చు.

అమ్మకు చూపు మందగించింది. టచ్ మెషీన్ వాడలేకపోతోంది. ఏం చేయగలం?

ఇలా అడిగేవారికి మేము ఎక్కువ సమయం ఇస్తాం. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులకు అన్నిటికంటే ఖరీదైన మెషీన్ ప్రేమగా కొని పంపుతారు. ఆమె దాన్ని ముట్టుకోదు, బట్టలు చేత్తో ఉతుక్కుంటుంది. పక్కింటి పిల్ల వచ్చినప్పుడు మాత్రం మెషీన్ తిరుగుతుంది.

చూపు లేనివారికి గాజు ప్యానెల్‌తో ఉన్న కష్టం రెండింతలు. బటన్ ఎక్కడుందో తడుముకుంటూ వెతకాలి, వెతుకుతున్న వేలే దారిలో ఉన్న గుర్తులన్నిటినీ నొక్కేస్తుంది. కాబట్టి గుర్తు పెట్టవలసింది టచ్ గుర్తు మీద కాదు, దాని పక్కన స్పర్శ పనిచేయని చోట. ఒక ఉబ్బెత్తు బొట్టుబిళ్ల గాని, గోళ్ల రంగు రెండు మూడు పూతలు గాని అక్కడ పెట్టండి. రోజూ వాడేవి రెండే ఉంటాయి: ఆన్, స్టార్ట్. వాటికి పెడితే చాలు. ముందే ఆన్ చేయగానే ఏ ఉతుకు వస్తుందో చూసి, పాత ఉతుకునే గుర్తుంచుకునే సదుపాయం ఉంటే దాన్ని పెట్టండి.

చూపు బాగున్నా వేళ్లు సహకరించనివారు ఉన్నారు. పలాసలో ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టినవారి వేళ్ల చర్మం జీడి నూనెకు కాలి మొద్దుబారుతుంది. పొలం పనిచేసేవారి చేతులూ అంతే. ఎండి గట్టిపడిన చర్మం టచ్‌కు సరిగా అందదు. వారు ఇంకా గట్టిగా నొక్కుతారు, టచ్‌కు గట్టిగా నొక్కడంతో పని లేదు. అది వారి చేతకానితనమని ఇంట్లో పిల్లలు నవ్వుతుంటే మాకు బాధేస్తుంది. తప్పు ఆ చేతులది కాదు. ఇంకా కొనకపోతే నాబ్ ఉన్న సెమీ ఆటోమేటిక్ గాని, ముందువైపు గుండ్రటి నాబ్, నొక్కే బటన్ ఉన్న ఆటోమేటిక్ గాని కొనండి.

దుకాణంలో ఏమని అడగాలి?

మెయిన్ బోర్డు ధర ఎంత, డిస్‌ప్లే బోర్డు ధర ఎంత అని విడివిడిగా అడగండి. సేల్స్ అబ్బాయికి తెలియదు. సర్వీసు సెంటరుకు ఫోను చేయించి, మోడల్ నంబరు చెప్పి కనుక్కోమనండి. రెండూ కలిపి మెషీన్ ధరలో మూడోవంతు దాటితే మేమైతే ఆ మెషీన్ తీసుకోం. సర్వీసు మనిషి శ్రీకాకుళంలో ఉన్నాడా, విశాఖ నుంచి రావాలా అన్నది కూడా కనుక్కోండి. విజయనగరంలో గంటస్తంభం పరిసరాల్లోనో, ఇక్కడ ఏడు రోడ్ల కూడలి దగ్గరో విడిభాగాల దుకాణంలో ఆ కంపెనీ సరుకు దొరుకుతుందేమో అడగడం ఇంకా మంచిది. చేతిని కొద్దిగా తడిపి ప్యానెల్ తాకి చూపించమంటే ఏమీ అనుకోరు.

వారంటీ అయిపోయిన కొన్నాళ్లకే విడిభాగం దొరకదంటున్నారు. ఎవరికి చెప్పాలి?

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. చాలా ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉంది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించేచోటే కేసు వేయవచ్చు, కంపెనీ ఏ నగరంలో ఉన్నా సరే. వస్తువు ఖరీదు 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంటి నుంచే వేసే వీలుంది. బిల్లు, వారంటీ కార్డు, సర్వీసు మనిషి రాసిచ్చిన చీటీ దాచండి. నోటిమాటగా "భాగం రావడం లేదు" అంటే ఒప్పుకోకండి, రాసి ఇవ్వమనండి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, ఈ నాలుగు రంగాల కంపెనీల సర్వీసు వివరాలు, విడిభాగాల సమాచారం అందులో ఉంటాయి. మంచి అడుగే, కానీ కంపెనీ తనంతట తాను పెట్టే సమాచారమే అది. ఐరోపాలో 2021 మార్చి నుంచి వాషింగ్ మెషీన్ విడిభాగాలను 10 ఏళ్లు అందుబాటులో ఉంచాలని చట్టమే ఉంది. మనకు కావలసింది అలాంటిది. ఆ పదేళ్ల హామీ ఉంటే మేము చేసే పనిలో సగం కష్టం తీరుతుంది.

బోర్డు మార్చాక పాతది ఏం చేయాలి?

వారంటీలో మారిస్తే కంపెనీ తీసుకుంటుంది. మీరు డబ్బు పెట్టి మార్పించుకుంటే పాతది మీదే, అడిగి తీసుకోండి. చెత్తలో వేయకండి, రాగి కోసం కాల్చేవారికి అసలే ఇవ్వకండి, ఆ పొగ విషం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత సరుకును శుద్ధి చేయించే బాధ్యత తయారీదారుదే. మాకు ఇచ్చినా తీసుకుంటాం. ఒకదానిలో రిలే బాగుంటుంది, మరొకదానిలో డిస్‌ప్లే బాగుంటుంది. తయారీ ఆగిపోయిన మోడళ్లకు మేము వేసే భాగాలు చాలావరకు ఇలా వచ్చినవే. తెచ్చేటప్పుడు బోర్డు మీది తెల్లటి స్టిక్కరు ఊడకుండా చూడండి. దాని మీది నంబరు లేకపోతే ఆ బోర్డు ఏ మోడల్‌కు సరిపోతుందో పోల్చుకోవడం చాలా కష్టం.